సౌలు కవచం, దావీదు రెజ్యూమే



కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిసి, అందరం ఫెలోషిప్ హాల్లో భోజనాలు చేస్తుండగా సంఘంలోని ఒక అక్క నా పక్కకు వచ్చి కూర్చున్నారు. "తమ్ముడూ, నా రెజ్యూమే కాస్త చూసి పెడతావా?" అని అడిగారు. ఆ అక్క పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ప్రైవేటు హైస్కూల్లో పదకొండేళ్లు లెక్కల టీచర్‌గా పనిచేశారు. అన్న ఉద్యోగం మీద హెచ్-4 వీసాతో అమెరికా వచ్చి, ఈమధ్యే వర్క్ పర్మిట్ అందుకున్నారు. హెచ్-1బీ మీదున్న భర్తకు ఐ-140 ఆమోదమైతే భార్య కూడా పనిచేయవచ్చని 2015లో నిబంధన వచ్చిన సంగతి మనలో చాలామందికి తెలిసిందే. కానీ పనిచేయవచ్చు అన్నంత మాత్రాన పని దొరకదు కదా. ఇక్కడి పబ్లిక్ స్కూల్లో టీచర్‌గా చేరాలంటే మన డిగ్రీల మూల్యాంకనం, ఆ రాష్ట్రం ఇచ్చే సర్టిఫికేషన్, దానికి పరీక్షలు ఉంటాయి. ఈలోగా అన్న ఆఫీసులో లేఆఫ్‌ల మాట వినిపిస్తోంది. అందుకే ఏదైనా కంపెనీలో ట్రైనింగ్ విభాగంలోనో, బిజినెస్ అనలిస్ట్‌గానో చేరాలని అక్క ఆలోచన.

ఆమె బ్యాగులోంచి రెండు రెజ్యూమేలు తీశారు.

మొదటిది తను రాసుకున్నది. ఒక్క పేజీ. పైన పాస్‌పోర్ట్ ఫోటో, పుట్టిన తేదీ, భర్త పేరు. కింద ఎమ్మెస్సీ, బీఎడ్. అనుభవం దగ్గర మూడే ముక్కలు: లెక్కలు బోధించాను, పేపర్లు దిద్దాను, క్లాస్ టీచర్ బాధ్యతలు చూశాను. పదకొండేళ్ల కష్టం మూడు లైన్లలో అయిపోయింది.

రెండోది ఎవరో పరిచయం చేసిన కన్సల్టెన్సీ వాళ్లు తయారు చేసి పంపింది. మూడు పేజీలు. దాని ప్రకారం అక్క హైదరాబాదులో ఒక ఇన్సూరెన్స్ ప్రాజెక్టులో ఆరేళ్లు బిజినెస్ అనలిస్ట్. బడి అనే మాటే అందులో లేదు.

"ఇందులో నేనెక్కడున్నాను తమ్ముడూ?" అన్నారు అక్క. కాసేపాగి, "మొదటిదంతా నిజమే, కానీ ఎవరూ పిలవడం లేదు. రెండోదంతా అబద్ధమే, కానీ పది రోజుల్లో ఇంటర్వ్యూ ఇప్పిస్తామంటున్నారు. ఈ రెండింటి మధ్య దారి లేదా?" అని అడిగారు.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకు వదల్లేదో కూడా చివర్లో చెబుతాను. ముందు ప్రశ్న సంగతి చూద్దాం. ఒక టీచర్ తన పనిని కంపెనీ భాషలోకి మార్చి రాస్తే అది అనువాదమా, అబద్ధమా? మాట మారినప్పుడు నిజం ఎక్కడిదాకా నిలబడుతుంది, ఎక్కడ జారిపోతుంది?

1 సమూయేలు 17వ అధ్యాయంలో ఒక ఇంటర్వ్యూ ఉంది. గొల్యాతుతో పోరాడతానని దావీదు ముందుకు వస్తే, సౌలు చెప్పిన అభ్యంతరం ఈనాటి రిక్రూటర్ చెప్పేదే: నీకు అనుభవం లేదు, అవతలివాడికి చిన్నప్పటి నుంచీ యుద్ధమే పని. దావీదు ఏం జవాబిచ్చాడు? తన ముగ్గురు అన్నలు సైన్యంలో ఉన్నారు. వాళ్ల అనుభవాన్ని అరువు తెచ్చుకుని, నేనూ రెండేళ్లు సైన్యంలో చేశానని చెప్పలేదు. అలాగని, నేను వట్టి గొర్రెల కాపరినండీ అని తల దించుకోనూ లేదు. గొర్రెల దగ్గర తను చేసిన పనిలోంచి సింహం వచ్చిన రోజును, ఎలుగుబంటి వచ్చిన రోజును ఏరి చెప్పాడు. మేత సంగతి, నీళ్ల సంగతి చెప్పలేదు. రాజుకు కావలసింది ధైర్యం. ఆ ధైర్యం తన పాత పనిలో ఎక్కడ కనబడిందో అక్కడ చూపించాడు.

తర్వాత సౌలు తన కవచం, ఇత్తడి శిరస్త్రాణం, ఖడ్గం ఇచ్చాడు. దావీదు తొడుక్కుని నడవబోయి, ఇవి నాకు అలవాటు లేవని తీసేశాడు. వాగులోంచి ఐదు రాళ్లు ఏరుకుని, తనకు చేతనైన వడిసెలతోనే వెళ్లాడు.

కన్సల్టెన్సీ వాళ్లు పంపిన ఆ మూడు పేజీలు సౌలు కవచం లాంటివి. చూడటానికి గంభీరంగా ఉంటాయి, కానీ వేసుకున్న మనిషి అందులో నడవలేదు. అలాగే అక్క రాసుకున్న ఆ మూడు లైన్లు, సింహాన్ని చంపినవాడు గొర్రెలు మేపాను అని మాత్రమే చెప్పుకున్నట్టు ఉన్నాయి.

ఆ వారం నుంచి మూడు శనివారాలు వాళ్ల ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మొదటి రెజ్యూమేనే మళ్లీ రాశాం. నేను నేర్పుదామని వెళ్లాను గానీ, ఎక్కువ నేర్చుకున్నది నేనే.

మొదట ఫోటో, పుట్టిన తేదీ, భర్త పేరు తీసేశాం. వయసు, లింగం వంటివి చూసి ఉద్యోగంలో వివక్ష చూపకూడదని ఇక్కడ చట్టం ఉంది కాబట్టి, అవి రెజ్యూమేలో రాయడం ఆనవాయితీ కాదు. దాచడానికీ, చెప్పనవసరం లేనిది చెప్పకపోవడానికీ తేడా ఉంది. రెజ్యూమే అంటే ఏరి రాసిన కాగితమని రాసేవాడికీ చదివేవాడికీ తెలుసు. అందులో నా ఓటములన్నీ రాయకపోతే ఎవరూ మోసపోరు. లేనిది చేర్చినప్పుడే మోసపోతారు.

తర్వాత బోధన సంగతి. ఏటా ఐదు సెక్షన్లు, దాదాపు 200 మంది పిల్లలు, పాఠానికో ప్రణాళిక, స్థాయిని బట్టి వర్క్‌షీట్లు. ఇదంతా రాస్తూ నేను 'కరికులమ్ డిజైన్' అని టైప్ చేశాను. కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్ ముందుగా వెతికేది ఇలాంటి మాటలనే అని నా తెలివి. అక్క ఆపారు. "సిలబస్, టెక్స్ట్‌బుక్ ఎస్‌సీఈఆర్‌టీ వాళ్లవి తమ్ముడూ. నేను చేసింది లెసన్ ప్లాను. ఈ మాట చదివినవాళ్లు పుస్తకం నేనే తయారు చేశాననుకోరూ?" అన్నారు. చెరిపేసి, పాఠ ప్రణాళికలు, అభ్యాస సామగ్రి తయారు చేశానని రాశాం.

చదివినవాళ్లు ఏమనుకుంటారు? నాకు దొరికిన కొలబద్ద ఇదే. మనం సాధారణంగా "ఈ వాక్యాన్ని ఎలాగైనా సమర్థించుకోగలనా?" అని చూసుకుంటాం. అక్క చూసింది వేరు. ఈ మాట వినగానే ఎదుటివాడి మనసులో ఏ బొమ్మ కడుతుందో, ఆ బొమ్మ జరిగినదానికి సరిపోతుందో లేదో చూశారు.

ఆదికాండము 20లో అబ్రాహాము గెరారు రాజు దగ్గర శారాను నా చెల్లెలు అన్నాడు. అడిగితే సమర్థించుకున్నాడు కూడా: తండ్రి ఒకడే, తల్లులు వేరు. అక్షరాలా చూస్తే నిజమే. కానీ విన్న రాజు మనసులో ఈమె పెళ్లికాని స్త్రీ అనే బొమ్మ కట్టింది, కట్టాలనే అబ్రాహాము అలా అన్నాడు. క్రీ.శ. 395 ప్రాంతంలో హిప్పో పట్టణంలో ఉన్న అగస్టీను అబద్ధం మీదే ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. మనసులో ఒకటి ఉంచుకుని, ఎదుటివాణ్ణి మోసగించాలని మరొకటి పలకడం దగ్గరే ఆయన అబద్ధాన్ని పట్టుకున్నాడు. రెజ్యూమేలో కూడా మాటను పట్టుకుని నిజం ఉందా అని చూస్తే చాలదు. ఆ మాటను ఎందుకు ఎంచుకున్నామో చూసుకోవాలి.

ఈ కొలబద్దతో చూస్తే కొన్ని కంపెనీ మాటలు నిలబడ్డాయి, కొన్ని పడిపోయాయి. యూనిట్ టెస్టు మార్కులన్నీ అక్క ఎక్సెల్‌లో పెట్టుకునేవారు. పదో తరగతి పిల్లలు త్రికోణమితిలో తప్పడానికి అసలు కారణం దానికంటే ముందు రావలసిన సరూప త్రిభుజాలు సరిగా రాకపోవడమేనని ఆ మార్కుల్లోంచే పట్టుకుని, రివిజన్ వరస మార్చారు. ఫలితాలను విశ్లేషించి బోధనా క్రమాన్ని సవరించానని రాసుకోవచ్చు. అది నిజం. డేటా అనలిస్ట్‌ని అని రాసుకోకూడదు. అది కాదు. చివరి మూడేళ్లు లెక్కల విభాగానికి ఆమే బాధ్యురాలు, కింద నలుగురు టీచర్లు. టీమ్ లీడ్ అనే మాట దానికి సరిపోతుంది. బడిలో పాస్ శాతం పెరిగిన మాట వాస్తవం. "నా వల్ల పెరిగిందని రాయొద్దు, నలుగురి కష్టం" అన్నారు. అలాగే రాశాం.

కొన్ని మాటలు అసలు మారలేదు. తల్లిదండ్రులతో మాట్లాడటాన్ని కంపెనీల్లో స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్ అంటారని నేను చెబితే అక్క నవ్వారు. పదో తరగతి కాగానే కూతురి చదువు మాన్పిస్తానన్న ఒక తండ్రి ఇంటికి ఆమె మూడుసార్లు వెళ్లి ఒప్పించారట. ఆ అమ్మాయి ఇప్పుడు నర్సు. "దీన్ని ఏమంటారు మీ కంపెనీలో?" అని అడిగారు. నా దగ్గర మాట లేదు. అది రెజ్యూమేలోకి ఎక్కలేదు. అన్నీ ఎక్కనవసరం లేదు. అది చదవవలసినవాడు ఎప్పుడో చదివే ఉంటాడు.

కానీ ఎక్కవలసినవి కొన్ని ఆమె తనంతట తను రాయనేలేదు. 2020 మార్చిలో బడులు మూసేసినప్పుడు జూమ్, గూగుల్ ఫామ్స్ తనే నేర్చుకుని, తోటి టీచర్లకు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పారు. ట్రైనింగ్ ఉద్యోగానికి ఇంతకంటే సూటిగా పనికొచ్చే అనుభవం ఏముంటుంది? అడిగితే, "అది అందరూ చేసిందే కదా" అన్నారు. ట్రైనింగ్ కార్యక్రమాలు రూపొందించేవాళ్లు ఆడీ అనే ఒక పద్ధతి గురించి మాట్లాడతారు. అమెరికా సైన్యం కోసం 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో తయారైంది. అవసరాన్ని విశ్లేషించడం, రూపకల్పన చేయడం, సామగ్రి తయారు చేయడం, అమలు చేయడం, ఫలితాన్ని అంచనా వేయడం. ఇది చెబితే ఆమె, "బీఎడ్‌లో మాకు లెసన్ ప్లాన్ ఇలాగే నేర్పారు, పేర్లే వేరు" అన్నారు. అయినా ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే ఆర్టిక్యులేట్ అనే సాఫ్ట్‌వేర్ ఆమెకు రాదు. అందుకని దాని పక్కన 'నేర్చుకుంటున్నాను' అని రాశాం, ఆ రాత్రే ఉచిత ట్రయల్ డౌన్‌లోడ్ చేసుకుని నిజంగానే మొదలుపెట్టారు.

మన విశ్వాసుల ఇళ్లలో, ముఖ్యంగా స్త్రీలలో, చేసిన పనిని తక్కువ చేసి చెప్పుకోవడమే వినయం అనుకుంటాం. మత్తయి సువార్త 25లో ఒక్క తలాంతు తీసుకున్నవాడు దాన్ని దొంగిలించలేదు, పోగొట్టలేదు. భూమిలో దాచిపెట్టాడు. యజమాని దానికే కోపగించాడు. ఉన్నదాన్ని లేదన్నట్టు చెప్పడం కూడా సరైన సాక్ష్యం కాదు. పౌలు 2 కొరింథీ 11లో తన పరిచర్యలో పడిన శ్రమలను లెక్క వేసి చెబుతాడు: ఎన్నిసార్లు దెబ్బలు తిన్నాడో, ఎన్నిసార్లు ఓడ బద్దలైందో. అలా చెప్పుకోవడం ఆయనకే ఇబ్బందిగా ఉంది, అయినా అవసరమైన చోట చెప్పాడు. కానీ లెక్క పెంచలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. నా స్నేహితుడొకడు సూటిగా అడిగాడు. "అందరూ పెంచే రాస్తారు. రిక్రూటర్‌కి అది తెలుసు, అందుకే ఆరేళ్లంటే మూడేళ్లే అనుకుంటాడు. నువ్వు ఉన్నదున్నట్టు మూడు రాస్తే ఒకటిన్నర అనుకుంటాడు. అప్పుడు నిజం రాయడమే తప్పుడు బొమ్మ ఇచ్చినట్టు కాదా?"

ఈ వాదనలో బలం ఉంది, తేలిగ్గా కొట్టిపారేయను. నిజం చెప్పేవాడు నష్టపోయే బజారు ఇది. దీనికి నాకు తెలిసిన ఒక మందు, వివరం. ఆరేళ్ల అనుభవం అనే మాటను ఎవరైనా సగానికి కోసుకోవచ్చు. సరూప త్రిభుజాల సంగతి పట్టుకుని రివిజన్ వరస మార్చానన్న మాటను కోయడం కష్టం, ఎందుకంటే అది చేసినవాళ్లకే తెలిసే సంగతి. అయినా ఈ మందు అన్నిసార్లూ పనిచేస్తుందని చెప్పను. నిజం రాస్తే ఉద్యోగం వస్తుందని వాక్యం ఎక్కడా మాట ఇవ్వలేదు. అందుకే, లాభం కోసం కాకపోతే నిజం ఎందుకు రాయాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

దీనికి జవాబు చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

ఎంఎస్ పూర్తయ్యాక నేను ఓపీటీ మీద ఉన్నాను. ఆ కాలంలో మొత్తం మీద 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఇంటి దగ్గర నాన్న పొలం మీద తెచ్చిన అప్పు. అరవై రోజులు దాటాక నేనూ ఒక కన్సల్టెన్సీకి ఫోన్ చేశాను. హైదరాబాదులో ఒక సంవత్సరం టెస్టింగ్‌లో చేసిన నా అనుభవం వాళ్ల చేతిలో నాలుగు సంవత్సరాలైంది. నేను వద్దనలేదు. ఇంటర్వ్యూకి ముందు రాత్రి మోకరించి ప్రార్థన కూడా చేశాను. ఆ ఉద్యోగం వచ్చినప్పుడు సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పాను, అందరూ స్తోత్రం అన్నారు.

చాలా కాలం నన్ను నేను ఇలా సమాధానపరచుకున్నాను: ఎవరికీ నష్టం లేదు కదా, పని నేర్చుకున్నాను, బాగానే చేశాను. కానీ నిర్గమకాండము 20లోని తొమ్మిదవ ఆజ్ఞ అబద్ధమాడకూడదని ఊరికే చెప్పదు. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం పలకకూడదంటుంది. నా రెజ్యూమేలో పొరుగువాడు ఎవరు? అక్క టేబుల్ దగ్గర కూర్చున్న మూడో శనివారం నాకు అర్థమైంది. ఆ కుర్చీకి నిజంగా నాలుగేళ్లు పనిచేసిన ఎవరో దరఖాస్తు పెట్టి ఉంటారు. ఒక్క సంవత్సరమే పనిచేసి ఒక్కటే రాసిన ఇంకెవరో మొదటి వడపోతలోనే పోయి ఉంటారు. వాళ్ల పేర్లు నాకు తెలియవు. నాలాంటివాళ్లు వేలమంది కలిసి ఒక సంవత్సరాన్ని నాలుగు చేశాం కాబట్టే, ఈరోజు నిజమైన పదకొండేళ్లు పట్టుకుని నిలబడిన ఈ అక్కను ఎవరూ నమ్మడం లేదు. బజారు అలా ఉంది అంటాం. ఆ బజారులో నా వంతు కూడా ఉంది. నేను రాసిన అబద్ధమే తిరిగొచ్చి, నాతో ఆరాధనలో కూర్చునే మనిషి దారికి అడ్డం పడింది.

జక్కయ్య తను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆయనకు ఎవరికివ్వాలో తెలుసు. నాకు తెలియదు. ఉద్యోగం మారినప్పుడు ఆ మూడేళ్లు రెజ్యూమేలోంచి తీసేశాను. మా పాస్టర్ గారి దగ్గర ఒప్పుకున్నాను. నా మొదటి మేనేజర్‌కు ఈమధ్యే ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. ఆ రోజు చెప్పిన సాక్ష్యాన్ని ఇలా ఈ పత్రికలో సరిచేస్తున్నాను.

ఇది చదివి, అలాంటి కాగితం పట్టుకుని నిద్రపట్టకుండా ఉన్న తమ్ముళ్లను, చెల్లెళ్లను తీర్పు తీర్చే అర్హత నాకు లేదు. గడువు దగ్గరపడుతుంటే, ఇంటి నుంచి అప్పు గురించి ఫోన్ వస్తుంటే, మనిషికి ఆ మూడు పేజీలే దేవుడు పంపిన దారిలా కనబడతాయి. అందుకే ఇది ఒక్కరి మనస్సాక్షికి వదిలేసే విషయం కాదనుకుంటున్నాను. సంఘంలో మనకు ఎన్ని కంపెనీల వాళ్లున్నారు? మనకు తెలిసినంతవరకే చెప్పి రిఫరల్ ఇవ్వలేమా? వారానికో గంట మాక్ ఇంటర్వ్యూ చేయలేమా? రెండు నెలల అద్దె సర్దలేమా? కవచం అరువు తెచ్చుకోవద్దని చెప్పేవాళ్లం, కనీసం వాగు దాకా తోడు వెళ్లాలి కదా.

అక్క సంగతి అడుగుతారని తెలుసు. కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశారు. కొత్త రెజ్యూమేతో చాలాచోట్ల దరఖాస్తు పెట్టారు. చాలావాటికి జవాబు లేదు. కొన్నింటికి వద్దని మెయిల్ వచ్చింది. ఒక ఆసుపత్రి వాళ్లు కొత్త సిబ్బందికి కంప్యూటర్ సిస్టమ్ నేర్పే ఉద్యోగానికి రెండో ఇంటర్వ్యూకి పిలిచారు. ఇది రాసేనాటికి ఫలితం తెలియదు. ప్రార్థించండి.

మొన్న ఆదివారం ఎలా ఉన్నారని అడిగితే, "ఉద్యోగం ఇంకా రాలేదు గానీ, ఆ కాగితం చదివితే నేను కనబడుతున్నాను తమ్ముడూ" అన్నారు.

ప్రభువు మన నోటి మాటలనూ, మన రెజ్యూమేల్లోని మాటలనూ కాపాడును గాక. ఆమేన్.